గురి ఖరీదు ఎంత?

పిస్తోలు అను మాట చెవిని బడగానే మనలో పెక్కుమందికి రెండే దృశ్యములు తోచును. ఒకటి, పోలీసు అధికారి నడుమున వ్రేలాడు తోలు ఒర. రెండవది, వెండితెరపై కథానాయకుని చేతిలోని మెరుపు. ఈ రెండింటికిని సంబంధము లేని మూడవ పిస్తోలు ఒకటి ఉన్నది. పది మీటర్ల దూరమున నిలిపిన అట్టముక్కను కొట్టుటకు తప్ప మరి దేనికిని అది ఉద్దేశింపబడలేదు. 1988లో సియోలు ఒలింపిక్ క్రీడలలో పురుషులకును, స్త్రీలకును గాలి పిస్తోలు పోటీలు మొదలైన నాటినుండి అది ప్రపంచ గౌరవము పొందిన ఆటవస్తువు. మన పల్లె బడులకు మాత్రము అది ఇంకను చేరలేదు.

'సామాన్య సంసారి కొనదగిన పిస్తోలు ఏది?' అను ప్రశ్న నేడు విద్యార్థుల నోట వినవచ్చుచున్నది. ఒలింపిక్ పతకముల వార్తలు చదివిన పిల్లవానికి ఆ ముచ్చట కలుగుట సహజము. ఆ ప్రశ్నను కసరి త్రోసివేయుట సులభము. దుకాణమునకు తీసికొనిపోయి అందులోకెల్ల చౌకైన దానిని కొనిపెట్టుట ఇంకను సులభము. ఈ రెండును తప్పే అని నా అభిప్రాయము. ప్రశ్న మంచిది, దానికి తగిన సమాధానము కొంచెము లెక్క వేసి చెప్పవలసి యున్నది.

శేరిగూడవంటి ఊరిలో ఈ మాట ఎత్తుటకు కారణము లేకపోలేదు. హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు బాటమీద, ఇబ్రహీంపట్నమునకు చేరువగా ఉన్న ఈ ఊరు, ఇంజనీరింగు కళాశాల నెలకొనుటచేత విద్యార్థులతో కళకళలాడు స్థలము. ఈ ఇబ్రహీంపట్నము ప్రాంతమునకు తుపాకి రెండు ముఖములతోను పరిచయమే. జాతీయ భద్రతా దళమువారి ప్రాంతీయ కేంద్రము ఇక్కడనే ఉన్నది. 2022 మార్చి నెల మొదటి దినమున, సమీపమున ఉన్న కర్ణంగూడ దగ్గర, ఇద్దరు స్థిరాస్తి వ్యాపారులు తుపాకి కాల్పులకు బలియైనదియు ఇక్కడనే. కావున ఇక్కడి తల్లి 'మా వానికి పిస్తోలు ఎందుకయ్యా?' అని ప్రశ్నించినచో అది అజ్ఞానము కాదు, అనుభవము. ఆమెకు తృప్తి కలుగునట్లు చెప్పలేని సమాధానము సమాధానమే కాదు.

మొదట చట్టము సంగతి. తూటా పేల్చు పిస్తోలు గాని, రివాల్వరు గాని 1959 నాటి ఆయుధముల చట్టము క్రింద లైసెన్సు లేనిదే ఉంచుకొనరాదు. ఇరువదియొక్క యేండ్లు నిండనివారికి ఆ లైసెన్సు దొరకదు. ఆ చట్టమునందలి 13వ సెక్షను, గుర్తింపు పొందిన రైఫిలు క్లబ్బు సభ్యుడు గురి అభ్యాసమునకై .22 రైఫిలును కోరినచో దానిని ప్రత్యేకముగా పేర్కొని అనుకూలముగా మాటాడినది; అచ్చట పిస్తోలు పేరు లేదు. పోనీ, లైసెన్సు లభించినది అనుకొందము. కాన్పూరు ఆయుధ కర్మాగారమువారు 2014లో విడుదల చేసిన 'నిర్భీక్' అను .32 రివాల్వరు ఖరీదు ఆనాడే లక్షా యిరువదివేలు దాటినది. అది ఆత్మరక్షణకై చేసిన పొట్టి గొట్టపు ఆయుధము; అట్టపై గురిచూచి నేర్చుకొనుటకు తగినది కాదు. అనగా వినోదమునకై గురి అభ్యసింపగోరు సామాన్యునికి తూటా పిస్తోలు చట్టముచేతను దూరమే, ధరచేతను దూరమే. ఇందులో విచారింపవలసినది ఏమియు లేదు. ఏలననగా అంతకంటె మంచి మార్గము తెరచియే ఉన్నది.

ఆ మార్గము గాలి పిస్తోలు. 2016 నాటి ఆయుధ నియమావళి ప్రకారము, గొట్టపు వ్యాసము 4.5 మిల్లీమీటర్లు మించక, గుండు శక్తి 20 జౌళ్లు దాటని గాలి ఆయుధమునకు లైసెన్సు అక్కరలేదు. గుర్తింపు పత్రము, చిరునామా చూపి కొనవచ్చును. భౌతికశాస్త్రము బోధించు ఉపాధ్యాయులు ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చును. పోటీలలో వాడు సీసపు గుండు బరువు ఇంచుమించు అర గ్రాము. అది సెకనుకు 150 మీటర్ల వేగముతో పోవునని అనుకొన్నచో దాని శక్తి సుమారు ఐదున్నర జౌళ్లు మాత్రమే. అనగా చట్టము విధించిన హద్దులో మూడవవంతు కూడ కాదు. ఐనను కంటికి తగిలినచో కన్ను పోవుటకు ఆ మాత్రము చాలును. ఆ సంగతి ఎన్నడును మరువరాదు.

ఇక దుకాణము గడప తొక్కుదము. అచ్చట అమ్మకమునకు ఉన్న గాలి పిస్తోళ్లు చూపులకు ఒక్క తీరుగనే ఉన్నను, లోపలి పనితనమునుబట్టి నాలుగు తెగలు.

మొదటిది స్ప్రింగు పిస్తోలు. ఇది అన్నింటికంటె చౌక. ట్రిగ్గరు నొక్కగానే లోపలి బలమైన స్ప్రింగు ముషలకమును ముందునకు తోయును. ఆ గాలి గుండును తరుమును. చిక్కు ఏమనగా, గుండు గొట్టము దాటకమునుపే ముషలకము కదలి పిస్తోలును కుదుపును. చేయి తిరిగినవాడు ఆ కుదుపును అణచుకొనగలడు. క్రొత్తగా నేర్చు పిల్లవాడు తన తప్పు ఏదో, పిస్తోలు తప్పు ఏదో తెలియక తికమకపడును. పైగా వీనిలో పెక్కింటిని గుండు లేకుండ పేల్చినచో సీలు, స్ప్రింగు దెబ్బతినును.

రెండవది బొగ్గుపులుసు వాయువు నింపిన చిన్న సిలిండరుతో పనిచేయునది. ఒక్కొక్క సిలిండరులో 12 గ్రాముల వాయువు ఉండును. పిస్తోలు ధర తక్కువయే. కాని సిలిండరు అయిపోయినపుడెల్ల మరల కొనవలెను. మన వైశాఖమాసపు ఎండకును, పుష్యమాసపు చలికిని ఆ వాయువు ఒత్తిడి మారును. దానితో గుండు వేగమును మారును. వీనిలో కొన్ని సీసపు గుండ్లకు బదులు ఉక్కు గోళీలను పేల్చును. చూపులకు అచ్చముగా నిజమైన తుపాకివలె ఉండును. పిల్లలు మక్కువపడునదియు అదియే, పెద్దలు కొనకూడనిదియు అదియే. ఉక్కు గోళీ గట్టి వస్తువునకు తగిలి వెనుకకు ఎగిరి వచ్చును. నిజమైన తుపాకిని పోలిన వస్తువును బజారులో పట్టుకొని తిరుగు పిల్లవానికి ఎట్టి అపాయమైనను కలుగవచ్చును.

మూడవది ఒక్కమారు మీట లాగి గాలిని బిగించునది. ప్రతి గుండునకు ఒక్క లాగు చాలును. కుదుపు దాదాపు ఉండదు. స్ప్రింగు లేదు, సిలిండరు లేదు. గుండ్ల ఖర్చు తప్ప వేరు ఖర్చు లేదు. మీట లాగుటకు కొంత బలము కావలెను గనుక చిన్నపిల్లలకు పెద్దవారు లాగి యీయవలసి వచ్చును.

నాల్గవది ముందుగానే అధిక ఒత్తిడిలో గాలిని నింపుకొని యుంచునది. ఒలింపిక్ క్రీడాకారులు వాడునది ఈ తెగయే. మోరిని, స్టైయర్, వాల్తర్, పార్దీని, ఫైన్‌వెర్క్‌బావ్ వంటి విదేశపు సంస్థలు చేయు పోటీ పిస్తోళ్లు మన దేశమునకు చేరునప్పటికి లక్ష రూపాయలు దాటును. వానిలో గాలి నింపుటకు వేరుగా పంపు గాని, పెద్ద సిలిండరు గాని కావలెను.

ఈ నాలుగింటిలో ఇంటికి గాని, బడికి గాని మొదట కొనదగినది మూడవ తెగ అని నేను నిస్సందేహముగా చెప్పగలను. స్ప్రింగు పిస్తోలుకంటె దాని ధర కొంత హెచ్చు. ఆ హెచ్చు సొమ్ము వృథా కాదని చూపుటకు మరియొక లెక్క కావలెను. ఇది గణితోపాధ్యాయులకు అప్పగించుచున్నాను.

పది మీటర్ల పోటీ అట్టలో నడుమనున్న పది మార్కుల వలయము వ్యాసము 11.5 మిల్లీమీటర్లు, అనగా ఒక చిన్న బొత్తాము అంత. పిస్తోలు ముందు సైటునకును, వెనుక సైటునకును నడుమ దూరము 30 సెంటీమీటర్లు అనుకొందము. ముందు సైటు ఒక్క మిల్లీమీటరు ప్రక్కకు జరిగినచో, సరూప త్రిభుజముల సూత్రముచొప్పున, పది మీటర్ల దూరమున గుండు 33 మిల్లీమీటర్లు ప్రక్కకు పోవును. పది మార్కులు రావలసినచోట ఆరు వచ్చును. ఒక్క మిల్లీమీటరు! ట్రిగ్గరు బిరుసుగా ఉన్నచో, దానిని లాగు వ్రేలే ఆ మిల్లీమీటరును కదపివేయును. పిడి చేతికి అమరనిచో మణికట్టు కదపివేయును. చౌక పిస్తోలులో దాగియున్న అసలు ఖర్చు ఇదియే. పిల్లవాడు నెలల తరబడి శ్రమించియు ముందుకు పోలేక, 'నాకు ఈ విద్య రాదు' అను నిశ్చయమునకు వచ్చును. పిస్తోలు ధరలో మిగిల్చిన సొమ్ము ఆ పిల్లవాని ఉత్సాహమును మరల కొనలేదు.

కావున కొనువారు చూడవలసినవి నాలుగు. ట్రిగ్గరు మెత్తగా, ప్రతిమారు ఒక్క తీరుగా కదలవలెను. అంతర్జాతీయ నియమముల ప్రకారము పోటీ పిస్తోలు ట్రిగ్గరు కనీసము 500 గ్రాముల బరువును ఆపవలెను. అంతకంటె తేలికైనది అక్కరలేదు, అంతకు మిక్కిలి హెచ్చైనది పనికిరాదు. పిడి అరచేతిలో ఒదుగవలెను. వెనుక సైటును పైకి క్రిందికి, కుడికి ఎడమకు సవరించుకొను వీలుండవలెను. గుండు లేకుండ ట్రిగ్గరు నొక్కి అభ్యసించు ఏర్పాటు ఉండవలెను. బరువు విషయమున నియమము 1,500 గ్రాములు దాటరాదని. పిల్లల చేతికి అందులో సగము, ముప్పాతిక మేలు. వేగమును గూర్చిన ప్రకటనలను చూచి మోసపోరాదు. పది మీటర్ల అట్టను చించుటకు మహావేగము అక్కరలేదు. అట్ట పారిపోవునది కాదు గదా!

గుండు లేని అభ్యాసమును గూర్చి ఒక్క మాట. గొప్ప క్రీడాకారులు సైతము వట్టి పిస్తోలుతో, తెల్లని గోడవైపు చూచుచు, గంటలకొలది ట్రిగ్గరు నొక్కి సాధన చేయుదురు. ఈ సాధనకు ఒక్క పైసా ఖర్చు లేదు. నాలుగుమార్లు వట్టిగా నొక్కి ఐదవమారు గుండు వేయు అలవాటు చేసినచో, గుండ్ల ఖర్చు ఐదవవంతునకు దిగును. ఒక డబ్బాలో సాధారణముగా 500 గుండ్లు ఉండును. పోటీలో ఒక్కొక్కరు వేయవలసినవి 60. పేదవాని ఆట కాదని పేరుపడిన ఈ ఆటలో పేదవానికి ఉన్న గొప్ప వెసులుబాటు ఈ వట్టి అభ్యాసమే.

2024 పారిసు ఒలింపిక్సులో తుర్కియే దేశస్థుడైన యూసుఫ్ డికెచ్ ఒక చేయి జేబులో పెట్టుకొని, ప్రత్యేకపు కంటి పరికరములు ఏవియు లేకుండ, మామూలు కళ్లజోడుతో నిలిచి మిశ్రమ జట్టు పోటీలో రజత పతకము పొందినాడు. ఆ బొమ్మ లోకమంతయు చుట్టివచ్చినది. దానిని చూచి పరికరములే అక్కరలేదని కొందరు అనుకొన్నారు. అది సరి కాదు. ఆయన విడిచినది అలంకారములను. చేతిలోని పిస్తోలు మాత్రము పోటీకి తగిన జాతిదే. సొమ్ము ఎచ్చట మిగుల్చవలెనో, ఎచ్చట మిగుల్చరాదో ఆ బొమ్మయే నేర్పుచున్నది.

ఇంతవరకు 'ఏది కొనవలెను' అను ప్రశ్నకు సమాధానము. 'ఎవరు కొనవలెను' అను ప్రశ్న దీనికంటె పెద్దది. నా దృష్టిలో పిస్తోలు కొనవలసినది తండ్రి కాదు, బడి.

ఇది విపరీతపు సూచనగా తోచవచ్చును. 1948లో ఏర్పడిన ఎన్.సి.సి. దళములలో మన బడిపిల్లలు, కళాశాల విద్యార్థులు .22 రైఫిళ్లు పేల్చుట తరతరములుగా జరుగుచునే ఉన్నది. దానిని ఎవరును తప్పు పట్టలేదు. ఆ రైఫిలు ఇంటికి పోదు. ఆయుధశాలలో ఉండును, అధికారి యెదుట బయటికి వచ్చును, లెక్క చూచి మరల లోపలికి పోవును. గాలి పిస్తోలునకు కూడ ఆ మర్యాదయే తగినది. ఇంటిలో అలమరపై పెట్టిన పిస్తోలు ఏదో ఒకనాడు తమ్ముని చేతబడును. బడి బీరువాలో తాళము క్రింద ఉన్న పిస్తోలు ఉపాధ్యాయుని యెదుట మాత్రమే వెలుపలికి వచ్చును. కర్ణంగూడ వార్త విని భయపడిన తల్లికి నేను చెప్పగలిగిన సమాధానము ఇదియే: 'అమ్మా, మీ వాని చేతికి పిస్తోలు ఇంటిలో ఈయము. బడిలో, గురువు కనుసన్నలో, అట్టవైపు మాత్రమే చూపుటకు ఇత్తుము.'

ఖర్చు సంగతియు ఇందులోనే తేలును. పదిమంది తండ్రులు పది చౌక పిస్తోళ్లు కొనుటకంటె, అందరు కలిసి మూడవ తెగకు చెందిన మంచి పిస్తోళ్లు రెండు కొనుట తక్కువ ఖర్చు. కుడిచేతివారికి, ఎడమచేతివారికి కూడ అమరు పిడిగలవానిని ఎంచుకొనవలెను. ఒక్కొక్కరి చూపునకు సైటు ఎన్ని మెట్లు తిప్పవలెనో ఎవరికి వారు నోటుపుస్తకమున వ్రాసికొనినచో ఒకే పిస్తోలు పదిమందికి పనికివచ్చును. భారతమున ద్రోణాచార్యులు శిష్యులను పరీక్షించినపుడు చెట్టుపై నిలిపినది శిల్పులచేత చేయించిన బొమ్మపక్షి. రాజకుమారులందరికిని గురి ఒక్కటే. ఎవనికి ఎంత సొమ్ము ఉన్నదని గురువు అడుగలేదు. ఏమి కనబడుచున్నదని మాత్రమే అడిగినాడు. ఆ సమానత బడిలో సాధ్యము. దుకాణములో సాధ్యము కాదు.

స్థలము కూడ పెద్దది అక్కరలేదు. పదిహేను మీటర్ల వసారా, అవతలి వైపున ద్వారము గాని కిటికీ గాని లేని గోడ, గుండ్లను పట్టి ఆపు ఇనుప పెట్టె, నేలనుండి 140 సెంటీమీటర్ల ఎత్తున అట్ట. ఇంతే. నియమములు కొన్ని కలవు. అవి రాజీకి లోబడనివి. పిస్తోలు మొన ఎప్పుడును అట్టవైపే ఉండవలెను. పేల్చువేళ తప్ప వ్రేలు ట్రిగ్గరుమీద ఉండరాదు. కంటికి అద్దములు ఉండవలెను. ఒక్కరు ముందుకు పోయినను అందరును పిస్తోళ్లు క్రింద పెట్టవలెను. గుండ్లు సీసము గనుక, అభ్యాసము ముగియగానే సబ్బుతో చేతులు కడుగుకొనక ఏ పదార్థమును ముట్టరాదు. ఈ నియమములలో ఒక్కటి తప్పిన విద్యార్థి ఆ నెలకు పిస్తోలు ముట్టరాదు. గాలి తుపాకి చేతికి రాగానే పిట్టను చూచు అలవాటు మన పల్లెలలో కలదు. ఉండేలు పట్టిన చేయి గదా! ఇబ్రహీంపట్నము పెద్దచెరువు గట్టున వ్రాలు పక్షులు గురి అట్టలు కావు. అడవిపక్షులను కొట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరమని మొదటి పాఠములోనే చెప్పవలెను.

'ప్రయోగశాలలో పరికరములు లేని బడికి పిస్తోలా?' అని ప్రధానోపాధ్యాయులు ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ న్యాయమైనదే. ప్రయోగశాల సొమ్ము తీసి దీనికి పెట్టుమని నేను అనను. కాని ఆటల సామగ్రికి ఏటేట వచ్చు సొమ్ములో దీనికి భాగము లేకపోవుటకు కారణము ఏమి? పరుగున వెనుకబడినవాడు, కండబలము లేనివాడు, ఎత్తు పెరగనివాడు మన క్రీడామైదానములలో గట్టున కూర్చుండు ప్రేక్షకుడు. ఈ ఆటకు కావలసినవి నిలుకడ, ఊపిరి, చూపు, ఓర్పు. గోలీలాటలో ఊరందరిని ఓడించు బక్కపిల్లవానికి తగిన ఆట ఇది. బాలురకు, బాలికలకు దూరము ఒక్కటే, అట్ట ఒక్కటే; 2018 నుండి గుండ్ల సంఖ్యయు ఒక్కటే.

హైదరాబాదు బిడ్డయైన ఈషా సింగ్ తొమ్మిదవయేట పిస్తోలు పట్టి, 2018లో, పదమూడేండ్ల ప్రాయమున, పది మీటర్ల గాలి పిస్తోలులో జాతీయ విజేత యైనది. ఆనాడు ఆమె చేతిలో ఓడినవారిలో మను భాకర్ కూడ ఉన్నది. ఆ మను భాకర్ 2024 పారిసు ఒలింపిక్సులో రెండు కాంస్య పతకములు గెలిచినది. హైదరాబాదులోనే పెరిగిన గగన్ నారంగ్ 2012 లండను ఒలింపిక్సులో గాలి రైఫిలు పోటీలో కాంస్యము తెచ్చినాడు. కాని ఆ నగరపు రేంజి గచ్చిబౌలిలో ఉన్నది. శేరిగూడ ఆగ్నేయపు అంచున ఉన్నది. బడి విడిచిన పిల్లవాడు నగరము ఈ చివరనుండి ఆ చివరకు బస్సులు మారి పోయి, అభ్యసించి, రాత్రి వేళకు ఇల్లు చేరుట కలలోని మాట. వీరికిని పతకమునకును నడుమ ఉన్నది ప్రతిభ లోపము కాదు, బస్సు ప్రయాణము. ఆ దూరమును తగ్గింపగలది బడి వసారాలోని పది మీటర్ల రేంజి ఒక్కటే.

1951లో భారత జాతీయ రైఫిలు సంఘము ఏర్పడినపుడు దానికి తొలి అధ్యక్షుడు లోక్‌సభ తొలి స్పీకరైన మావలంకరుగారు. సభలో మాటకు హద్దు చూపిన పెద్దమనిషి తుపాకికి కూడ హద్దు చూపు సంస్థకు అధ్యక్షత వహించుట అర్థవంతముగనే ఉన్నది. నేర్పు లేని చేతిలో తుపాకి భయము. నియమమెరిగిన చేతిలో అది ఏకాగ్రతకు సాధనము. ఆ నియమము నేర్పు అధికారము, ఓర్పు ఉన్నవాడు ఉపాధ్యాయుడే.

కనుక తండ్రులకు నా మనవి: పిల్లవాని ముచ్చట తీర్చుటకై తొందరపడి చౌక పిస్తోలు కొనవలదు. ముందు ఒక నెల వానిని ఏదైన రేంజికి తీసికొనిపోయి, అచ్చటి పిస్తోలుతో పేల్పించి చూడుడు; ఆ ఉత్సాహము నెల దాటి నిలిచినచో, ఆ సొమ్ము తెచ్చి బడిలో చెల్లింపుడు. ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి: మండలమునకు రెండు ఉన్నత పాఠశాలలైనను కలిసి రెండు పిస్తోళ్లు, ఒక ఇనుప పెట్టె, ఒక తాళపు బీరువా సమకూర్చుకొని, వ్యాయామోపాధ్యాయునికి పది దినముల శిక్షణ ఇప్పింపుడు. విద్యార్థులకు నా మనవి ఇంకను చిన్నది: పిస్తోలు వచ్చువరకు వేచియుండనక్కరలేదు. ఒక కిలో బరువుగల నీళ్ల సీసాను చేయి చాచి పట్టుకొని, గోడమీది చుక్కను చూచుచు, ఊపిరి నిలిపి పది సెకన్లు కదలక నిలువుడు. దినమునకు ఇరువదిమార్లు. పిస్తోలు ఖరీదు దుకాణదారుడు చెప్పును. గురి ఖరీదు ఆ పది సెకన్లలో మీకే తెలియును.